పెళ్లివారి ఊరు

రండి, ఇలా అరుగు మీద కూర్చోండి. పొద్దు వాలింది, గోదారి వైపు నుంచి కాస్త గాలి తగులుతోంది. శ్రీరామనవమి ఇంకా పది రోజులే ఉంది. ఆ తర్వాత ఈ అరుగు మీద కాలు పెట్టే చోటు కూడా ఉండదు. మీతో తీరిగ్గా నాలుగు మాటలు చెప్పుకోవాలంటే ఇప్పుడే చెప్పుకోవాలి.

మాది భద్రాచలం. నేను పుట్టి పెరిగింది ఇక్కడ కాదు, కోడలిగా వచ్చాను. 1986 మే నెలలో కాపురానికి వచ్చానా, ఆగస్టులో గోదారి 75.6 అడుగులకు వచ్చింది. మెట్టినింటి సామాను ఇంకా ఏది ఎక్కడుందో తెలియక ముందే, మూటలు కట్టుకుని ఎత్తు మీదున్న బంధువుల ఇంటికి చేరాం. ఆ గోడల తడి ఆరి, సున్నాలు వేసుకుని, ఇల్లు మళ్లీ ఇల్లులా కనిపించేసరికి మరుసటి ఏడు నవమి వచ్చింది. అదే నా మొదటి నవమి.

ఆ రోజు తెల్లవారుజామున మూడింటికి మా అత్తగారు నన్ను తట్టి లేపారు. "లేమ్మా, చుట్టాలొచ్చారు" అన్నారు. ఎవరి చుట్టాలో అనుకుంటూ తలుపు తీశాను. అరుగు మీద పదిహేను, ఇరవై మంది పడుకుని ఉన్నారు. పిల్లలు, ముసలివాళ్లు, నెత్తి కింద మూటలు. ఒక్కరి ముఖమూ నేనెరగను. "వీళ్లంతా మనకేమవుతారు అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ కుండలో నీళ్లు నింపుతూ, "రాములోరి తరఫు వాళ్లమ్మా, మనం సీతమ్మ తరఫు" అన్నారు.

ఆవిడ అన్న మాట ఉత్త ముచ్చట కాదు. నవమి నాడు మా ఊళ్లో సీతారాముల కల్యాణం జరిగే చోటి పేరు మిథిలా స్టేడియం. మిథిల అంటే సీతమ్మ పుట్టిల్లే కదా. ముందు రోజు సాయంత్రం ఎదుర్కోలు ఉత్సవం జరుగుతుంది. ఎదుర్కోవలసింది ఆడపెళ్లివారే. ఆ లెక్కన ఈ ఊళ్లో ఉన్న ప్రతి గడపా ఆడపెళ్లివారి గడపే. కులం, మతం, గుడికి వెళ్లే అలవాటు ఉందా లేదా అన్నది కూడా ఆ రోజు ఎవరూ చూడరు. మా వీధి చివర టీ కొట్టు నడిపే ముస్లిం కుటుంబం నవమి రాత్రంతా పొయ్యి ఆర్పదు. వాళ్లింటి పిల్లలు నీళ్ల ప్యాకెట్లు పంచుతుంటే చూడాలి మీరు.

వచ్చే జనం ఎంతనుకున్నారు? మా ఊరి జనాభా యాభై వేలు. నవమి నాడు ఇసుక వేస్తే రాలదు. ఊరికి రైలు లేదు. టికెట్టు మీద భద్రాచలం రోడ్ అని చూసి దిగిన వాళ్లు, తీరా అది కొత్తగూడెం అనీ, ఇంకా నలభై కిలోమీటర్లు రావాలనీ తెలిసి బస్సుల కోసం పరుగెడతారు. 1965లో గోదారి మీద వంతెన కట్టక ముందు పడవల్లో దాటి వచ్చేవారట. అప్పటి జనాన్ని తలుచుకుని మా మామగారు, "పడవలో ఎంతమంది పడితే అంతే జనం. వంతెన వచ్చాక లెక్క తప్పింది" అనేవారు. ఇప్పుడు ఆ పాత వంతెన పక్కనే రెండోది కూడా వచ్చింది.

ఆ వంతెన దాటి వచ్చేవాళ్లంతా ఒక్కలాంటి వాళ్లు కాదు. కార్లలో హైదరాబాదు నుంచి వచ్చి, మధ్యాహ్నం ముహూర్తం చూసుకుని, సాయంత్రానికి తిరిగి వెళ్లిపోయేవాళ్లు కొందరు. అడవి దారిన ఛత్తీస్‌గఢ్, ఒడిశా వైపు నుంచి బియ్యం మూట నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేవాళ్లు కొందరు. ఇక కోరుకొండ వాళ్లున్నారు. రాజమహేంద్రవరం దగ్గరి ఆ ఊరి భక్తులు స్వామి తలంబ్రాల కోసమని వడ్లు పండిస్తారు. దంపుడు లేదు, మిల్లు లేదు. ఒక్కొక్క గింజనూ గోటితో ఒలుస్తారు. గోటి తలంబ్రాలంటే అవే. ఒకసారి వాళ్లలో ఒకావిడ మా వరండాలో కూర్చుని తన చూపుడు వేలి గోరు నాకు చూపించింది. సగం అరిగిపోయింది. నేను ఆ వేలు పట్టుకుని ఏం మాట్లాడాలో తెలియక ఊరుకున్నాను.

మా ఊరి ఆడవాళ్లకూ తలంబ్రాల పని ఉంది లెండి. ఫాల్గుణ పౌర్ణమి నాడు, అంటే హోలీ రోజున, గుళ్లో పెళ్లి పనులు మొదలవుతాయి. రోలు, రోకలి పెట్టి పసుపు దంచుతారు. చిత్రకూట మండపంలో అందరం కూర్చుని బియ్యంలో పసుపు, గులాలు, నెయ్యి, సుగంధ ద్రవ్యాలు కలుపుతాం. భద్రాద్రి తలంబ్రాలు ఎర్రగా ఉండేది ఆ గులాలు వల్లే. సాయంత్రం ఇంటికి వచ్చాక అరచేతుల ఎరుపు రెండు రోజులు పోదు. ఆ చేతులతో అన్నం కలుపుకుంటుంటే ఇంట్లో నిజంగా పెళ్లి పెట్టుకున్నట్టే ఉంటుంది.

పెళ్లి పెట్టుకున్న ఇంట్లో ఆడవాళ్లకు పెళ్లి చూసే తీరిక ఉంటుందా చెప్పండి! మాకూ అంతే. ఇన్నేళ్లలో నేను స్టేడియంలో కూర్చుని కల్యాణం చూసింది రెండే రెండుసార్లు. మా అత్తగారు ఒక్కసారి. గుడికి మా ఇల్లు దగ్గరే, మంగళవాద్యం వినిపిస్తుంది. అయినా ఆవిడ వంటింట్లో రేడియో పెట్టుకుని, ఉషశ్రీ గారి వ్యాఖ్యానం వింటూ పానకం కలిపేవారు. మైకులోంచి ఒక మాట, రేడియోలోంచి ఒక మాట వచ్చేవి. సరిగ్గా అభిజిత్ లగ్నానికి, పన్నెండింటికి, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి గుడి వైపు తిరిగి నిలబడేవారు. మూడు సూత్రాలు పూర్తయ్యేదాకా కదిలేవారు కాదు.

మూడు సూత్రాలేమిటని అడుగుతారేమో. మా సీతమ్మకు మంగళసూత్రాలు మూడు. జనకుడి తరఫున ఒకటి, దశరథుడి తరఫున ఒకటి. మూడోది రామదాసు గారు చేయించింది. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, సర్కారు సొమ్ముతో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో ఏళ్ల తరబడి మగ్గిన కంచర్ల గోపన్న గారే ఆ రామదాసు. సీతమ్మను కూతురనుకుని చేయించారు. గోల్కొండ ఏలిన తానీషా కాలం నుంచీ సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టు వస్త్రాలు వస్తూనే ఉన్నాయి. అవన్నీ మీరు టీవీలో చూస్తారు. నేను చెప్పాలనుకున్నది టీవీలో రాని సంగతి.

నవమికి రెండు రోజుల ముందు నుంచే మాకు ఊరు మారిపోతుంది. వీధి మొదట్లో కర్రలు కట్టేస్తారు. ఆటో లోపలికి రాదు, స్కూటరు బయటికి పోదు. పాలు నాలుగింటి లోపల తెచ్చుకోవాలి. కూరలు నాలుగు రోజులకు సరిపడా తెచ్చిపెట్టుకోవాలి. రక్తపోటు మాత్రలు, చక్కెర మాత్రలు కూడా అంతే. ట్యాంకులో నీళ్లు మూడు రోజులు పొదుపుగా వాడుకుంటాం, ఎందుకంటే నవమి రాత్రి పెరట్లోని బాత్రూమ్ ముందు ఆడవాళ్ల వరుస ఉంటుంది. మగవాళ్లకు గోదారి ఉంది. దూరం నుంచి వచ్చిన ఆడపిల్లకు తలుపున్న గది కావాలి. ఈ సంగతి నాకు చెప్పింది కూడా మా అత్తగారే. "అన్నం పెట్టలేకపోయినా ఫర్వాలేదమ్మా, ఆడవాళ్లకు ఆ తలుపు మాత్రం మూయకు" అన్నారు. ఈ ఒక్క పని ఊళ్లో వంద ఇళ్లు చేస్తే ఎంతమంది ఆడవాళ్లు ప్రాణం కుదుటపడి పెళ్లి చూస్తారో ఆలోచించండి.

ఇబ్బంది లేదని చెప్పను. ఒక ఏడు, సరిగ్గా కల్యాణం వేళకి, మా పక్కింటి కోడలికి నొప్పులు వచ్చాయి. ఆటో రావడానికి లేదు. వీధి నిండా జనం. వాళ్లత్తకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అరుగు మీద మజ్జిగ తాగుతున్న నలుగురు కుర్రాళ్లు లేచి, ఆ పిల్లను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీ నాలుగు కాళ్లూ పట్టుకుని ఎత్తేశారు. ముందు ఇద్దరు పరుగెత్తుతూ "దారివ్వండి, దారివ్వండి" అని అరుస్తుంటే అంత జనమూ గోడలకు అతుక్కుపోయి దారిచ్చింది. పెద్దరోడ్డు మీద అంబులెన్సు ఎక్కించి వాళ్లు వచ్చేసరికి ముహూర్తం అయిపోయింది. ఎంత దూరం నుంచి వచ్చారో, చూడాలని వచ్చింది చూడకుండానే పోయారు. పేర్లు అడగాలని అప్పుడు తోచలేదు. ఆ పుట్టిన పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

ఇక నా మనసుకు కష్టంగా ఉండే మాట ఒకటుంది, అదీ చెబుతాను. అది వచ్చేవాళ్ల గురించి కాదు, మా గురించే. రెండేళ్ల కింద ఒక ముసలి దంపతులు రాత్రి పదకొండింటికి మా గుమ్మం ముందు నిలబడ్డారు. ఒక లాడ్జిలో ముందే గది మాట్లాడుకున్నారట. తీరా వస్తే, మాట్లాడుకున్న దానికి నాలుగింతలు ఇస్తేనే తాళం ఇస్తామన్నారట. ఆయన చేతిలో రసీదు వణుకుతోంది. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. పెళ్లికి వచ్చిన వాళ్ల దగ్గర విడిదింటి అద్దె వసూలు చేసే ఆడపెళ్లివారుంటారా? నీళ్ల సీసాకు రేటు పెంచడం, కొబ్బరికాయకు పెంచడం, ఆటోవాళ్లు పది రూపాయల దూరానికి వంద అడగడం, వీటిని సీజను అని సరిపెట్టుకోవడం నేను ఒప్పుకోను. కష్టానికి కూలి తీసుకోండి, నిద్ర చెడగొట్టుకున్నందుకు నాలుగు రూపాయలు ఎక్కువ తీసుకున్నా తప్పులేదు. దిక్కులేని వేళ మెడ మీద కత్తి పెట్టడం మాత్రం తప్పే. నేను ఈ మాట మా వీధిలో గట్టిగానే అంటాను.

అసలు ఈ ఊళ్లో మొదటి ఆతిథ్యం ఎవరిదో తెలుసా? పోకల దమ్మక్కది. అడవిలో ఉండే గిరిజన స్త్రీ. స్వామి ఆమె కలలో కనిపించి తన జాడ చెప్పాడనీ, ఆమె పుట్టను గోదారి నీళ్లతో కరిగించి విగ్రహాలను బయటికి తెచ్చిందనీ ఇక్కడ చెప్పుకుంటారు. తాటాకు పందిరి వేసి, చెట్టు కింద రాలిన తాటిపండు నైవేద్యం పెట్టిందట. రామదాసు గారి గుడి, సర్కారు ముత్యాలు, ఇవన్నీ తర్వాతి సంగతులు. ముందు వచ్చిన అతిథికి తన దగ్గరున్న పండు పెట్టిన ఆడమనిషి ఆమె. నవమి నాడు ఇప్పపూల కాలంలో కొండల మీద నుంచి దిగి వచ్చే కోయ వాళ్లను చూస్తే నాకు ఆమే గుర్తొస్తుంది. స్టేడియంలో సెక్టారు టికెట్లు కొనలేక వాళ్లు బయట చెట్ల కింద నిలబడి వింటారు. వాళ్ల అమ్మమ్మ పిలిచి కూర్చోబెట్టిన దేవుడు లోపల, వాళ్లు బయట. వాళ్లకంటూ ముందు వరుసలో కొంత చోటు ఉంచాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

పెళ్లి మరునాడు జరిగే పట్టాభిషేకం కూడా అయ్యాక, ఆ మర్నాటి తెల్లవారుజామున మీరు గోదారి ఒడ్డుకు రావాలి. చూడమని కాదు, తెలియాలని. విడిచిన బట్టలు, షాంపూ ప్యాకెట్లు, కాగితం పళ్లేలు, పూలదండలు, ప్లాస్టిక్ కవర్లు. మెట్ల మీద అడుగు పెట్టే చోటుండదు. మా ఊరు చూడటానికి పట్నంలా ఉన్నా ఇప్పటికీ గ్రామ పంచాయతీయే. ఏజెన్సీ ప్రాంతం గనక మునిసిపాలిటీ లేదు. లక్షల మంది వదిలేసి వెళ్లిన చెత్తను ఎత్తేది ఆ పంచాయతీ కార్మికులే. అందులో చాలామంది ఆడవాళ్లు. పోనీ ఎత్తాక వేసే చోటైనా ఉందా? 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం చుట్టూ ఉన్న ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. అడుగు బయట పెడితే ఎటపాక, అది పక్క రాష్ట్రం. గుడి ఒక రాష్ట్రంలో, గుడి మాన్యాలు ఎక్కువ భాగం పురుషోత్తపట్నంలో, ఇంకో రాష్ట్రంలో. డంపింగ్ యార్డుకు జాగా దొరక్క ఏళ్ల తరబడి ఊరు అవస్థ పడుతూనే ఉంది. మీరు ఒక కవరు ఒడ్డున వదిలి వెళితే దానికి పోయే చోటు లేదు. వానలు పడగానే గోదారిలోకే పోతుంది.

ఇంత చెప్పాను గదా, జనం రాకపోతే సుఖంగా ఉంటుందేమో అనుకుంటారేమో. ఆ సుఖమూ చూశాం. 2020 ఏప్రిల్ 2, నవమి. కరోనా. భక్తులెవ్వరూ లేకుండా గుడి లోపలే కల్యాణం చేశారు. వీధిలో పందిరి లేదు, కర్రలు లేవు, మైకు లేదు. నేను మూడింటికే లేచాను, అలవాటు. తలుపు తీస్తే అరుగు ఖాళీ. అప్పటికి మా అత్తగారికి కళ్లు సరిగ్గా ఆనేవి కావు. గోడ పట్టుకుని వచ్చి, "ఎవరూ రాలేదా?" అని అడిగారు. "రాలేదు అత్తయ్యా, రానివ్వట్లేదు" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. కుండ కడిగి, నీళ్లు నింపి, బయట పెట్టమన్నారు. పెట్టాను. మధ్యాహ్నం వీధి చివర కాపలా ఉన్న కానిస్టేబుల్ ఒకతను వచ్చి మాస్కు కిందికి లాక్కుని రెండు గ్లాసులు తాగాడు. ఆ చప్పుడు విని లోపల్నుంచి ఆవిడ, "ఏ ఊరు బాబూ?" అని అడిగారు. ఆ ఏడు మా ఇంటికి వచ్చిన పెళ్లివాడు అతనొక్కడే. మరుసటేడు 2021లోనూ అంతే. మూడో నవమికి జనం వచ్చారు. అత్తగారు లేరు.

అదే ఏడు, 2022 జులైలో, గోదారి మళ్లీ పెరిగింది. మా ఊళ్లో అడుగుల లెక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు. 43 అయితే మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. ఆ నెలలో 71.3 అడుగులకు వెళ్లింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. లోతట్టు కాలనీల వాళ్లంతా పునరావాస కేంద్రాలకు చేరారు. కరకట్ట ఉంది గనక ఊరు నిలబడింది కానీ, నీళ్లు ఎటు నుంచి వస్తాయో తెలియక మూడు రాత్రులు నిద్రలేదు. ఆ మూడు రాత్రులూ నా ఫోను మోగుతూనే ఉంది. "అమ్మా, మేము నరసాపురం దగ్గర నుంచి. నవమికి మీ అరుగు మీద పడుకున్నాం, గుర్తుందా? ఇల్లు ఎలా ఉంది?" అని ఒకరు. "పిన్నిగారూ, మీరంతా పైన మేడ మీదున్నారా? బియ్యం ఉన్నాయా?" అని ఒకరు. ఒకాయన అయితే తన పేరు చెప్పి, నేను గుర్తుపట్టకపోతే, "మీ దగ్గర మజ్జిగ తాగి గ్లాసు తిరిగివ్వకుండా పట్టుకుపోయామండీ, ఆ గ్లాసు వాళ్లం" అన్నాడు. అంత భయంలోనూ నవ్వొచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి. నలభై మంది దాకా పిలిచి ఉంటారు. వాళ్ల నంబర్లు నా దగ్గర లేవు. నా నంబరు వాళ్లు దాచుకున్నారు.

అందుకే చెబుతున్నాను, రండి. కుదిరితే నవమి ఒక్కరోజుకే వచ్చి పోకండి. కల్యాణం సాయంత్రానికి సగం జనం వెళ్లిపోతారు. మరునాడు మహాపట్టాభిషేకం ఉంటుంది, నిలబడే చోటు దొరుకుతుంది. పర్ణశాల ముప్పై అయిదు కిలోమీటర్లే, తీరిగ్గా చూడండి. నవమి రద్దీ తట్టుకోలేని పెద్దవాళ్లుంటే ముక్కోటికి తీసుకురండి, చలికాలం గనక ఎండ బాధ ఉండదు. గోదారిలో హంస వాహనం మీద స్వామిని చూస్తారు. అసలు రాలేనివాళ్లకు తలంబ్రాలు ఆర్టీసీ కార్గోలో ఇంటికే వస్తున్నాయి, బుక్ చేసుకోవచ్చు.

వచ్చేటప్పుడు గొడుగు, నీళ్ల సీసా, ఒక గుడ్డ సంచీ తెచ్చుకోండి. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి పట్టుకెళ్లండి. గోదారిలో బట్టలు వదలకండి. ఒడ్డున చీపురు పట్టుకున్న ఆవిడ కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి పలకరించండి, పెళ్లింట్లో వంటమనిషిని పలకరిస్తారు కదా, అలాగే. రాత్రి పడుకునే చోటు దొరకకపోతే గుడి ఉత్తరం వైపు వీధుల్లో ఏ అరుగైనా ఎక్కండి. నవమి నాడు మా తలుపు తెల్లవారుజామున మూడింటికి తీస్తాం. పెరట్లో బాత్రూమ్ ఎడమ చేతి వైపు.